దాహం అంటే దాహమే

మా ఉద్దానంలో ఎవరైనా నీరసంగా కనిపిస్తే జ్వరమా, షుగరా అని అడగరు. "కిరాటిన్ ఎంతొచ్చినాది?" అని అడుగుతారు. బడికి వెళ్ళనివాళ్ళకి కూడా క్రియాటినిన్ అంటే కిడ్నీ ఎంత పాడైందో చెప్పే అంకె అని తెలుసు. జీడితోటలు, కొబ్బరితోటలు, మధ్యలో ఇసుకదారులు, ఆ దారుల వెంట కిడ్నీలు పాడైన మనుషులు. మా నాన్న అలాగే పోయాడు. ఆయన వెనకే మా అమ్మ పోయింది. ఎందుకొస్తుందో తేల్చి చెప్పినవాళ్ళు ఇప్పటికీ లేరు. నీళ్ళన్నారు, ఎండన్నారు, నొప్పి మాత్రలన్నారు.

నాకూ వచ్చింది. గండం గడిచింది. బతికి ఉన్నాను కాబట్టి రాస్తున్నాను. "దేవుడు స్వస్థపరిచాడు" అని ఒక్క మాటలో చెప్పేస్తే బాగుంటుందని మా చర్చిలో కొందరు సలహా ఇచ్చారు. నేను ఒక్క మాటలో చెప్పను. ఆ స్వస్థత ఎవరెవరి చేతుల మీదుగా వచ్చిందో, మధ్యలో ఎవరెవరు అడ్డం నిలబడ్డారో చెప్పకపోతే అది సాక్ష్యం కాదు.

ఆగస్టు

నేను ప్రాథమిక పాఠశాలలో టీచర్ని. పేరు కరుణ. మాకొక అమ్మాయి, హైస్కూల్లో చదువుతోంది. జెండా పండుగ రోజు పిల్లల్ని వరసలో నిలబెడుతుంటే కాళ్ళ చెప్పులు బిగుసుకుపోయి విప్పడానికి రాలేదు. పాదాలు ఉబ్బిపోయాయి. అప్పటికే కొన్ని వారాలుగా అన్నం నోట్లో పెడితే తుప్పు నాకినట్టుండేది. ఒళ్ళంతా దురద. ఉక్కకి వచ్చిన చెమటపొక్కులని సర్ది చెప్పుకున్నాను. అమ్మానాన్నల్ని ఇదే జబ్బుతో సాగనంపినదాన్ని, నాకు తెలియక కాదు. తెలిసే పరీక్షకు వెళ్ళలేదు. ఇది చదివేవాళ్ళలో మా వైపు వాళ్ళుంటే ముందుగా ఈ మాట పట్టుకోండి: భయం వల్ల పరీక్ష ఆలస్యం చేస్తే భయం తగ్గదు, కిడ్నీ తగ్గుతుంది.

మా ఆయన రాజు జీడిపప్పు లోడు వ్యాను నడుపుతాడు. పని మానుకుని నన్ను విశాఖపట్నం తీసుకెళ్ళాడు. డాక్టరు రిపోర్టు చూసి మా ఊరు పేరు అడిగాడు. ఆ ప్రశ్నలోనే నాకు అర్థమైపోయింది. తిరిగొచ్చేటప్పుడు వ్యానులో రాజు ఒక్కసారి కూడా హారన్ కొట్టలేదు. గేదెలు అడ్డం వస్తే అవి వెళ్ళేదాకా ఆగాడు.

ఇంటికొచ్చి మంచం మీద పడి ఏడుస్తుంటే మా అత్త శాంతమ్మ గుమ్మంలో నిలబడింది. ఆమెది నెల్లిమర్ల దగ్గర పల్లె. పెళ్ళయి మా ఊరొచ్చింది. మాట మెత్తన కాదు.

"ఏటా ఏడుపు? మీ నాన్నకి ఉన్నాదని, మీ అమ్మకి ఉన్నాదని అందరూ సెప్పినారు. ఆ పిల్లని సేసుకోకండి అన్నారు. తెలిసే సేసుకున్నాను. ఇప్పుడు కొత్తగా ఏటొచ్చిందని? లే, మొకం కడుక్కో."

ఓదార్పు అనుకోవాలో తిట్టు అనుకోవాలో తెలియలేదు. లేచి మొహం మాత్రం కడుక్కున్నాను.

మా ఇద్దరికీ అప్పటిదాకా పెద్దగా పొసిగింది లేదు. నాకు చర్చి చరిత్ర పిచ్చి. మా సంఘం వార్షికోత్సవానికి పాత పాటలు, వాటి పుట్టుపూర్వోత్తరాలు సేకరించి పెడతానని పాస్టరుగారికి మాటిచ్చాను. ముసలివాళ్ళ దగ్గరికి వెళ్ళి ఫోన్లో రికార్డు చేసేదాన్ని. అన్నిటికంటే ఎక్కువ పాటలు మా అత్త నోట్లో ఉన్నాయి. కానీ ఫోను ముందు పెడితే నోరు మూసుకునేది. "పాట పాడుకోడానికి గాని దాసుకోడానికి కాదే" అనేది. నాకు కోపం వచ్చేది. నేను చదువుకున్న దాన్ని, ఆమెకు విలువ తెలియదు అనుకునేదాన్ని.

క్రిస్మస్ నెల

డిసెంబరు నాటికి డయాలసిస్ మొదలైంది. మిషన్ సూదులు గుచ్చడానికి ఎడమ మణికట్టు దగ్గర రక్తనాళాలు రెండు కలిపి కుట్టారు. అక్కడ చెయ్యి పెడితే తేనెటీగల తుట్టె మీద పెట్టినట్టు జుమ్మంటుంది. రోజు విడిచి రోజు పొద్దున్నే బస్సెక్కి టౌనుకు వెళ్ళాలి. నాలుగు గంటలు మిషన్ మీద. రాజు వ్యాను మానేస్తే ఇల్లు గడవదు కాబట్టి నాతో మా అత్త వచ్చేది.

అన్నిటికంటే కష్టం సూది కాదు, నీళ్ళు. ఒంట్లోంచి నీళ్ళు బయటికి పోవడం ఆగిపోయింది కాబట్టి లోపలికి పోసేవి లెక్కగా పోయాలి. రోజుకు చిన్న సీసాడు. మందులు వేసుకోవడానికి కూడా అందులోంచే. కొబ్బరినీళ్ళు అసలు ముట్టకూడదు. మా పెరట్లో కొబ్బరిచెట్లు గెలలేసుకుని నిలబడేవి. వాటి కింద కూర్చుని నేను తడిగుడ్డతో పెదాలు తుడుచుకునేదాన్ని.

డయాలసిస్ గది బయట బల్లల మీద మేమంతా కూర్చుని ఉండేవాళ్ళం. అక్కడ కులం, మతం అడిగేవాళ్ళు లేరు. "నిన్న ఎంత ఎక్కినావు?" అని ఒంట్లో నీరు చేరి పెరిగిన బరువు అడిగేవాళ్ళు. నా పక్క మంచం ఎర్రయ్యది. సముద్రం మీద వేటకెళ్ళే మనిషి. నల్లగా, ఒడ్డూపొడుగూ ఉండేవాడు. వల లాగిన చేతులు, ఆ చేతుల్లో ఇప్పుడు ట్యూబులు. మొదటి వారం నేను ఎవరితోనూ మాట్లాడలేదు. చెవిలో ఇయర్ ఫోన్లు పెట్టుకుని ఆరాధన పాటలు వినేదాన్ని. ఒకరోజు బీపీ పడిపోయి, పిక్కలు మెలితిప్పి, ఇయర్ ఫోన్లు లాగి పారేశాను. నర్సు సెలైన్ ఎక్కిస్తోంది. మా అత్త నా కాళ్ళు ఒత్తుతూ, తనకు తెలియకుండానే కూనిరాగం అందుకుంది. తర్వాత మాటలు వినపడ్డాయి.

"ఒక్క బాన తోడు సామీ, ఒక్క బాన తోడు
నువ్వు తోడు లేని నీరు సేనుకందదు సూడు
ఊరి నుయ్యి కాదన్నాది, ఉసురు కాదనేదా
మన్ను తవ్విన సేతికి సామీ నీళ్ళు పుట్టలేదా"

ఆ రాగం ముందుకు వంగి వెనక్కి లేస్తున్నట్టుంది. పిక్కల నొప్పి వచ్చి పోయే తీరుకు సరిగ్గా సరిపోయింది. ఎర్రయ్య తల తిప్పి చూశాడు.

"అమ్మా, ఆ పాట ఇంకోపాలి పాడండి. ఈ మిషన్ సప్పుడు ఇని ఇని సెవులు తూట్లు పడిపోతన్నాయి."

"ఇది మా దేవుడి పాట బాబూ" అంది మా అత్త.

"మాది గంగమ్మతల్లి. అయితే ఏటి? నీళ్ళ పాటే కదా. మాకూ నీళ్ళే."

ఆమె మళ్ళీ పాడింది. ఫోను ఎక్కడుందో కూడా నాకు గుర్తు రాలేదు.

ఇంటికి వచ్చే బస్సులో అడిగాను, ఆ పాట ఎక్కడిదని. ఈసారి చెప్పింది. వాళ్ళ తాత కాలంలో వాళ్ళ వాడలో కొన్ని కుటుంబాలు బాప్తిస్మం తీసుకున్నాయట. అంతకుముందు కూడా ఊరి నూతి దగ్గరికి రానిచ్చేవారు కాదు, దూరంగా నిలబడితే ఎవరో ఒకరు దయతలచి పోసేవారు. మతం మారాక ఆ పోసేవాళ్ళు కూడా మానేశారు. అప్పుడు మగా ఆడా కలిసి మెట్టనేలలో సొంతంగా నుయ్యి తవ్వుకున్నారు. ఏతం వేసి నీళ్ళు తోడుతూ కట్టుకున్న పాట అది.

"దొరలు నేర్పిన పాటలనుకున్నాను అత్తా, మన పాతపాటలన్నీ."

"దొరల పాటలు ఆదివారం పాడేవోళ్ళు. మిగతా రోజులు నీళ్ళు తోడుకోవద్దేటి? ఆ రోజులకి ఈ పాట."

నేను అంతవరకు రాసిపెట్టిన చరిత్రంతా ఆదివారాల చరిత్రే. చర్చికి పునాదిరాయి ఎవరు వేశారు, గంట ఎక్కడినుంచి వచ్చింది, మొదటి పాస్టరు ఎవరు. మిగతా రోజుల చరిత్ర నా పక్కన బస్సులో కూర్చుని వేరుశెనక్కాయలు ఒలుచుకుంటోంది.

కొత్త సంవత్సరం కూటాలు

రాజు చెల్లెలు సునీత విజయనగరంలో ఉంటుంది. మంచి మనిషే. నా మీద ప్రేమతోనే చేసింది. అక్కడ మైదానంలో స్వస్థత కూటాలు జరుగుతున్నాయని, ఎక్కడినుంచో పెద్ద ప్రసంగీకుడు వచ్చాడని నన్ను బలవంతాన తీసుకెళ్ళింది. ఆశ ఎవరికుండదు? నేనూ వెళ్ళాను. అత్త కూడా వచ్చింది.

జబ్బుగా ఉన్నవాళ్ళని వేదిక ఎక్కించారు. నా వంతు వచ్చింది. ఆయన నా చేతికట్టు చూసి, మైకులో అడిగాడు, నీ నమ్మకం మిషన్ మీదా, దేవుడి మీదా అని. ఒక వారం ఉపవాసం ఉండి మిషన్ మానెయ్యమన్నాడు. నేను మాట్లాడకపోయేసరికి నా తల మీద చెయ్యి పెట్టి, ఈ సహోదరి ఏదో పాపం దాచింది, అది ఒప్పుకుంటే గాని విడుదల లేదన్నాడు. జనమంతా చేతులెత్తారు.

 ఆ చెయ్యి బరువు తల మీద తెలుస్తూంటే లోపల ఏదో నిటారుగా లేచింది.

"అయ్యగారూ, మా నాన్నకి వచ్చింది, మా అమ్మకి వచ్చింది. మా ఎదురింటి తాతకి వచ్చింది. నా పక్క మంచం మీద పడుకునే ఎర్రయ్యకి వచ్చింది. మేమంతా కూడబలుక్కుని దాచిన పాపం ఏమిటో మీకు తెలిస్తే ఇప్పుడే చెప్పండి. తెలియకపోతే ఆ మైకు ఇటివ్వండి."

ఆయన ఇవ్వలేదు. కానీ నేను దగ్గరగా నిలబడి ఉన్నాను కాబట్టి నా మాట మైకులో పోయింది. జనం వైపు తిరిగి ఇంకో మాటన్నాను. "ఇక్కడెవరైనా మందులు మానేసి వచ్చి ఉంటే రేపు పొద్దున్నే మళ్ళీ మొదలుపెట్టండి. దేవుడికి కోపం రాదు. నేను రోజూ ప్రార్థన చేస్తాను, నాకు తెలుసు." ఎవరో మైకు కట్టేశారు.

మా అత్త వేదిక మెట్ల దగ్గరికి వచ్చి చెయ్యి చాపింది. అడ్డం నిలబడ్డ కుర్రాళ్ళతో, "తప్పుకోండి నాయనా. దీనికి రేపు మిషన్ ఉన్నాది. బేగి ఎల్లాల" అంది.

ధైర్యంగా మాట్లాడానని అనుకోకండి.  ఆయన అన్నది నిజమైతే అన్న భయం వారం రోజులు వదల్లేదు. అంతమందిలో తన పరువు తీశానని సునీత నాతో మాట్లాడటం మానేసింది. మా చర్చిలో కూడా గుసగుసలు. దైవజనుణ్ణి అంతమందిలో నిలదీసిందట, ఇక దీనికి స్వస్థత ఎక్కడిది అని.

శ్రమదినాలు

ఈస్టరుకు ముందు వచ్చే ఆ ఉపవాస రోజుల్లో నేను పొద్దున్నే బైబిల్ వాక్యం చదవడం మానేద్దామనుకున్నాను. ఆదరణ మాటలు చదివితే ఒళ్ళు మండేది. మానలేదు గాని, చదివే భాగాలు మార్చుకున్నాను. దేవుడి మీద ఫిర్యాదులు చేసిన మనుషుల ప్రార్థనలు ఏరుకుని చదివేదాన్ని. ఎంతకాలం, ఎందుకు, నీకు చెవులు లేవా అని అడిగినవాళ్ళవి. చిన్నప్పటినుంచి వాటి మీద నుంచి దూకి వెళ్ళిపోయేదాన్ని. ఇప్పుడు అవే నా భాషలా అనిపించాయి. ఇన్ని ఫిర్యాదులు పరిశుద్ధమైన పుస్తకంలోనే ఉంటే, నా ఒక్క ఫిర్యాదుతో దేవుడికి కొత్తగా వచ్చే నష్టం లేదనుకున్నాను. కొబ్బరిచెట్ల కింద కూర్చుని గట్టిగానే చదివేదాన్ని. అత్త చీపురు పట్టుకుని ఊడుస్తూ వినేది. "బాగా అడిగినాడు" అనేది మధ్యలో.

మట్టల ఆదివారం ముందు పాస్టరుగారు ఇంటికి వచ్చారు. నెమ్మదస్తుడు. నన్ను తిట్టడానికి వచ్చారనుకున్నాను. శుభ శుక్రవారం నాడు సిలువ మీద పలికిన ఏడు మాటల్లో ఒక్కో మాట గురించి ఒక్కొక్కరు మాట్లాడటం మా చర్చిలో ఆనవాయితీ. అయిదో మాట 'దప్పిగొనుచున్నాను', దాహం గురించి.

"అది నువ్వు చెప్పాలమ్మా" అన్నారు.

"నన్ను చూసి కొందరు లేచి వెళ్ళిపోతారండీ."

"వెళ్ళేవాళ్ళు వెళ్ళనీ. దాహం గురించి ఈ ఊళ్ళో నీకంటే తెలిసినవాళ్ళు నాకు కనపడలేదు."

శుభ శుక్రవారం మధ్యాహ్నం ఎండ నిప్పులు చెరుగుతోంది. చర్చి పైరేకులు టపటపమంటున్నాయి. కుర్చీ వేయించుకుని కూర్చుని మాట్లాడాను. ఏళ్ళ తరబడి ఆ మాట గురించి మా చర్చిలో ఒకటే చెప్పేవారు, అది ఆత్మల కోసం పడిన దాహమని. నేను చెప్పింది చాలా చిన్నది.

"దాహం అంటే దాహమే. నాలుక అంగిటికి అతుక్కుపోవడం. ఎదుటివాళ్ళు గ్లాసెత్తి తాగుతుంటే వాళ్ళ గొంతు కదలడం చూడటం. ఆయన ఆ మాటకి ఇంకో అర్థం పెట్టి చెప్పాడని నేననుకోను. ఒంటికి నొప్పి పుడితే నొప్పి అని చెప్పాడు. సిగ్గుపడలేదు. మనమెందుకు సిగ్గుపడుతున్నాం? నా కిడ్నీలు పనిచెయ్యడం లేదు. ఇదుగో నా చెయ్యి. దీన్ని చూసి పాపం అన్నవాళ్ళున్నారు. ఇది జబ్బు. జబ్బుని జబ్బు అని చెప్పుకుంటేనే మందు దొరుకుతుంది."

ఎవరూ లేచి వెళ్ళలేదు. ఆమెన్ కూడా అనలేదు. ఆరాధన అయ్యాక, ఎప్పుడూ కానుకల సంచి పట్టే పెద్దాయన నా కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాడు. తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు.

"అమ్మా, నాకూ ఉన్నాదే. ఏడాదైనాది. ఇంట్లో కూడా సెప్పలేదు."

ఆ మాట ఆయన నోట్లోంచి వచ్చేసరికి వెనకాల నిలబడ్డ ఆయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఈస్టరు వెళ్ళిన తర్వాతి వారం పాస్టరుగారు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వాళ్ళని పిలిపించారు. చర్చి వరండాలో బల్ల వేసి రక్తపరీక్షలు చేశారు. చర్చికి రానివాళ్ళు కూడా వచ్చి వరసలో నిలబడ్డారు. కొందరికి మొదట్లోనే బయటపడింది. మొదట్లో బయటపడితే చాలా ఏళ్ళు నెట్టుకు రావచ్చు.

మే

మే నెలలో ఒకరోజు డయాలసిస్‌కి వెళ్ళేసరికి ఎర్రయ్య మంచం మీద వేరే మనిషి ఉన్నాడు. కొత్త మనిషి, కళ్ళలో భయం. నర్సు నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది. నేను మంచం ఎక్కి గోడ వైపు తిరిగి పడుకున్నాను. దేవుణ్ణి ఆ రోజు అడిగినంత కటువుగా ఎప్పుడూ అడగలేదు.  మా అత్త కొత్త మనిషి వైపు కుర్చీ జరుపుకుని, "ఏ ఊరు బాబూ మీది?" అని మొదలుపెట్టింది.

నా బలం తగ్గిపోతోందని డాక్టరు చెప్పాడు. కిడ్నీ మార్పిడి ఒక్కటే దారి. రాజుకి షుగరు, ఇవ్వడానికి పనికిరాడన్నారు. మా తమ్ముడు నాకిస్తానని పరుగున వచ్చి పరీక్ష చేయించుకుంటే వాడికే జబ్బు మొదలైందని తేలింది. అక్కడికక్కడే కూలబడిపోయాడు. మా అమ్మాయికి ఇంకా ఆ వయసు రాలేదు, వచ్చినా నేను ఒప్పుకోను. ఇక మిగిలింది చనిపోయినవాళ్ళ కిడ్నీ కోసం ఎదురుచూసేవాళ్ళ వరస. అది చాలా పెద్ద వరస.

ఆ సాయంత్రం చేపల కూర కలుపుతూ మా అత్త అంది, "నా రక్తం దానికి సరిపోద్దేమో సూడమను."

రాజు ముద్ద కింద పెట్టేశాడు. "అమ్మా, నీకు వయసెంత?"

"నీకన్నా గట్టిగా ఉన్నాను. నీకు షుగరు, నాకేటున్నాది?"

నేను వద్దన్నాను. నిజంగానే వద్దన్నాను. ఆమె నన్ను పట్టించుకోలేదు. ఈ సంగతి తెలిసి సునీత అన్ని నెలల తర్వాత మా గుమ్మం తొక్కింది.

"కోడలికోసం మా అమ్మని కోయించేస్తారా అన్నయ్యా? రేపు ఇద్దరూ పోతే?" అని ఏడ్చింది. నాకు కోపం రాలేదు. నా కన్నతల్లి విషయమైతే నేనూ అదే అనేదాన్ని.

అత్త వంటింట్లోంచే జవాబు చెప్పింది. "ఒసే, నువ్వు పుట్టినప్పుడు నన్ను కోసినారు. అప్పుడు ఎవర్నడిగినాను? ఇప్పుడూ ఎవర్నీ అడగను."

వానాకాలం

ఆ నాలుగు నెలలు విశాఖపట్నంలో ఆసుపత్రుల వరండాల్లోనే గడిచాయి. ఆమె కూడా మా ఊరి నీళ్ళు తాగి, మా ఊరి ఎండలో బతికిన మనిషే కాబట్టి డాక్టర్లు మరీ జాగ్రత్తగా చూశారు. ఒక్కో రిపోర్టు కోసం కూర్చున్నప్పుడు నేను మొక్కుకున్నది ఏమిటో చెప్పనా? బాగుందని రావాలని సగం, బాగోలేదని వస్తే ఆమెకు కోత తప్పుతుందని సగం. ఏ ప్రార్థన ముందు పైకి వెళ్ళిందో నాకు తెలియదు. అన్నీ బాగున్నాయనే వచ్చాయి.

అత్త కోడలికి ఇవ్వడం చట్టం ప్రకారం మామూలు విషయం కాదు. కన్నవాళ్ళు, తోడబుట్టినవాళ్ళు, భార్యాభర్తలు అయితే సులువు. మాకు అనుమతి కమిటీ ముందుకు వెళ్ళాలన్నారు. పెద్ద బల్ల వెనక వరసగా కూర్చున్నారు. ముందు విడివిడిగా అడిగి, తర్వాత ఇద్దర్నీ కలిపి పిలిచారు. కెమెరా పెట్టారు. మా అత్త ఇస్త్రీ చేసిన తెల్లచీర కట్టుకుంది, ఆదివారం కట్టుకునేది.

"మిమ్మల్ని ఎవరైనా బలవంతం చేశారా?" అని అడిగారు ఒకాయన.

"నన్నా?" అంది ఆమె. మా రాజు దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఈవిడ మీకేమైనా ఆశ చూపించారా?"

"ఇదా? పొద్దుట టీలో పంచదార సరిగ్గా ఎయ్యదు. ఇదేటి ఆశ సూపిస్తాది?"

ఒకావిడ నవ్వు ఆపుకుని, మెల్లగా అడిగింది. "మరి ఎందుకిస్తున్నారమ్మా? మాకు అర్థం కావాలి."

 అత్త చీర కొంగు సర్దుకుంది. "ఇది మా ఇంటికి వచ్చినప్పటినుంచి నా పాటలు పాడమని నన్ను పీకి పాకం పెట్టినాది. మా తాతల కాలం పాటలు. నా కన్నపిల్లలు ఎప్పుడూ అడగలేదు. ఇది అడిగినాది. ఇప్పుడిప్పుడే ఒక్కోటీ నేర్పుతన్నాను. మజ్జిలో ఎల్లిపోతానంటే ఎలగ?"

నేను ఆ గదిలో తల ఎత్తలేకపోయాను. ఇన్నాళ్ళూ నన్ను విసుక్కుంటోందనుకున్నాను. ఆమె నాకు నేర్పుతోందట.

దసరా తర్వాత

ఆపరేషను ముందు రోజు పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశారు. కొత్త డయాలసిస్ మనిషి, ఎర్రయ్య మంచం మీదికి వచ్చినవాడు, రాజుకి ఫోను చేసి "అమ్మగారిని జాగర్తగా సూసుకోమని సెప్పండి" అన్నాడు. నన్నా, అత్తనా అని రాజు అడగలేదు.

కళ్ళు తెరిచేసరికి ఒళ్ళంతా బరువు, గొంతు ఎండిపోయి ఉంది. మంచం పక్కన వేలాడుతున్న సంచిలో పసుపుపచ్చని నీళ్ళు. నర్సు దాన్ని నా కళ్ళకు కనపడేలా ఎత్తి పట్టుకుంది. నెలల తరబడి నా ఒంట్లోంచి చుక్క రాలేదు. ఆ సంచి నిండుతుంటే చూస్తూ పడుకున్నాను. సిగ్గనిపించలేదు. మూత్రం కోసం దేవుడికి కృతజ్ఞతాస్తుతి చెల్లించిన మనిషి మా సంఘంలో అంతకుముందు ఎవరూ ఉండి ఉండరు. నేను చెల్లించాను. అవతల వార్డులో మా అత్త స్పృహ రాగానే అడిగిన మొదటి మాట, "అది పోసినాదా?"

నీళ్ళు తాగమన్నారు. ఎంత కావాలంటే అంత. మొదటి గ్లాసు చేతిలో పట్టుకుని చాలాసేపు తాగలేదు. అలవాటు తప్పి భయం వేసింది.

అంతా సాఫీగా జరిగిపోలేదు. మూడో వారంలో జ్వరం వచ్చి మళ్ళీ ఆసుపత్రిలో పడ్డాను. మందులకి మొహం ఉబ్బి అద్దంలో ఎవరో అనిపించేది. చేతులు వణికేవి. అప్పుడు మాకు ఆసుపత్రి పక్క సందులో అద్దెగదిలో వండిపెట్టింది సునీతే. క్షమాపణలు లేవు, కౌగిలింతలు లేవు. మాస్కు కట్టుకుని వచ్చి, ఉప్పు తగ్గించిన చారు గ్లాసులో పోసి, "వదినా, వేడిగా తాగు" అనేది. వాళ్ళమ్మ కుట్లకి మందు రాసి, నా మాత్రలకి అలారం పెట్టేది.

ఇప్పుడు

స్కూలుకు వెళుతున్నాను. జీవితాంతం మాత్రలు వేళకి వేసుకోవాలి. జనంలోకి మాస్కుతో వెళ్ళాలి. ఇది శాశ్వతంగా పనిచేస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేదు. పనిచేసినన్నాళ్ళు నాదే.

చర్చిలో నన్ను సాక్ష్యం చెప్పమన్నప్పుడు నర్సుల పేర్లు, డాక్టర్ల పేర్లు, బస్సు కండక్టరు పేరు, ఎర్రయ్య పేరు వరసగా చెప్పాను. దేవుడి పేరు చివర చెప్పాను. అది మర్యాద కాదని ఒకాయన అన్నాడు. ఆయన్ని చర్చి వరండాలో రక్తపరీక్షకి రమ్మన్నాను. ఇంకా రాలేదు. మళ్ళీ అడుగుతాను.

మొన్న మా అత్తకి ఏడాది పరీక్ష. ఈసారి రోగి ఆమె, తోడు నేను. విశాఖపట్నంలో అదే విభాగం ముందు, అవే ఇనుప కుర్చీలు. రక్తం తీసుకున్నారు. రిపోర్టు మధ్యాహ్నానికి వస్తుందన్నారు. నా రిపోర్టులకి ఎప్పుడూ ఇంత భయపడలేదు. ఆమెకి ఉన్నది ఒక్కటే. రెండోది నా కడుపులో ఉంది. ఆమె మాత్రం పక్కనున్నావిడతో కొబ్బరికాయల ధర గురించి మాట్లాడుతోంది.

కౌంటర్లో పిలిచారు. కాగితం తీసుకుని అక్కడే నిలబడి చదివాను. అన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి.  గోడకి చేరబడి ఏడ్చాను. జబ్బు బయటపడినప్పటినుంచి నేను అంత గట్టిగా ఏడ్చింది అప్పుడే.

కొబ్బరికాయలావిడ కంగారుపడి లేచింది. "ఏమైందమ్మా? ఆవిడ మీ అమ్మగారా?"

"అత్తని" అంది మా అత్త, కూర్చున్న చోటినుంచే. "దానికేటీ కాలేదు. దానికి నోరు ఎక్కువ, అందుకే బతికినాది. ఏడవనీ."

ఏడవనిచ్చారు. తర్వాత ఇద్దరం కిందికి దిగి, రోడ్డు దాటి, బండి దగ్గర చెరుకురసం తాగాం. ఆమె తన గ్లాసు ఖాళీ చేసి నా గ్లాసు వైపు చూసింది. నేను ఇంకోటి చెప్పాను, ఇద్దరికీ.